అందరు దిగిన్రా?

మా మామయ్య పోయారు. మేడ్చల్ ఆస్పత్రి నుంచి నా భర్త ఫోన్ చేసి చెప్పేసరికి, ఇంట్లో కంప్యూటర్లో మామయ్య ఓడ దారి మధ్యలో ఆగి ఉంది. నిండా ప్రయాణికులతో.

నిజం ఓడ కాదు లెండి, అంతరిక్షంలో ఓడలు నడిపే ఆట. బస్సు డ్రైవరుగా రిటైరై, పొద్దుపోక పరేషాన్ అవుతున్న మనిషికి నేనే నేర్పాను. అందులో యుద్ధాలు చేయొచ్చు, సరుకులు మోయొచ్చు. ఆయన మాత్రం "మనకు సవారీలే మంచిగ బిడ్డా" అని ప్రయాణికులనే ఎక్కించుకున్నారు. వెనక నుంచి నేను "రైట్" అననిదే ఓడ కదిలించేవారు కాదు. స్టేషన్లో దిగాక కుర్చీలోంచి వెనక్కి తిరిగి "అందరు దిగిన్రా?" అని అడిగేవారు. "దిగారు" అంటేనే లేచేవారు. అత్తయ్యకు ఒళ్లు మండేది. "ముసలాయినకు గాలిల బస్సు దొరికింది" అని సణిగేది. కృష్ణా జిల్లా నుంచి శామీర్‌పేట వచ్చిన నాకు ఈ ఇంట్లో మొదటి స్నేహితుడు ఆయనే.

ఆ ఆటలో ధనవంతులు విలాసపు గదులుంటేనే ఎక్కుతారు. పెద్ద తెల్ల ఓడ కొందామని నేను పోరు పెట్టాను. మామయ్య దాన్ని తెర మీద తిప్పి తిప్పి చూసి పెదవి విరిచారు. "సోకు సూసి బండి తీస్కోవద్దు. మలుపుల తిరుగుతదా సూడాలె." ఆయన భయం నిజమే. అది స్టేషన్ ద్వారంలో ఒరుసుకుంటూ దూరాలి, ఓడ ఒంటికి గీత పడితే ఆ దొరలు అలుగుతారు. వాదించీ వాదించీ, చివరికి నా మాట కాదనలేక తీసుకున్నారు. మొదటి ప్రయాణం సగంలో ఉండగానే గుండెనొప్పి వచ్చింది.

ఆస్పత్రిలో నన్ను అడిగింది ఒక్కటే. "సవారీలు బండిలనే ఉన్నరు. నడిమిట్ల ఇడ్శిపెట్టకు. దించు బిడ్డా."

దించుతానన్నాను.

దహనం అయింది, బంధువులు వెళ్లారు. ఆటలో గడువు ఆ సాయంత్రంతో సరి. దాటితే ప్రయాణికులు అలిగి నడిదారిలోనే చిన్న పడవలెక్కి వెళ్లిపోతారు. చావింట్లో ఆటేమిటని అత్తయ్య అంటుందేమోనని భయం. తలుపు దగ్గరకు వేసి కూర్చున్నాను. పెద్ద ఓడను నేనెప్పుడూ ద్వారం దాటించలేదు. మిగిలిన దారి నడిపి దాని ముందుకు తెచ్చాను. స్టేషన్ గిర్రున తిరుగుతోంది. ఎడమ రెక్క గోడకు తగలబోయి హెచ్చరిక మోగింది. "మెల్లగ పోనియ్, జల్దీ ఏముంది" అనే మామయ్య మాట గుర్తొచ్చి వేగం తగ్గించాను. గోడ రెక్క పక్కనుంచే జరిగిపోయింది. ఓడ లోపలికి వచ్చి నేలకు ఆనింది. ప్రయాణికుల పేర్లు ఒక్కొక్కటే తెర మీద నుంచి తప్పుకున్నాయి.

అలవాటుగా వెనక్కి తిరిగాను. ఎప్పుడొచ్చిందో, అత్తయ్య మంచం అంచున కూర్చుని ఉంది. తిడుతుందనుకున్నాను.

"అందరు దిగిన్రా?" అంది.

"దిగారు అత్తయ్యా."

ఆమె లేవలేదు. తెర మీద ఇంకా తెరిచే ఉన్న ఓడ తలుపు వైపు చూస్తూ అలాగే కూర్చుంది.