సుగుణ ఊతకర్రలు

పాస్టరుగారైనా సరే, పిల్ల ఊతకర్రలు ఎత్తుకుపోవడం తప్పు. ఈ రోజు దిల్‌సుఖ్‌నగర్‌లో నేను వార్డెన్‌గా ఉన్న పిల్లల మిషన్ హోములో, నడవలేని పదేళ్ల సుగుణ కోసం ఆయన కళ్లు మూసుకుని ప్రార్థించారు. తెరిచేసరికి సుగుణ మంచం పట్టుకుని నిలబడి ఉంది.

"స్వస్థత వచ్చేసిందమ్మా! ఇవింక నీకెందుకు?" అంటూ కర్రలు చంకలో పెట్టుకుని, సాక్ష్యం చూపించడానికి మూసారాంబాగ్ ప్రార్థన కూటానికి స్కూటరు మీద బయల్దేరారు.

"అయ్యగారూ, నిలవడుడు రోజూ నిలవడ్త! నడుసుడే రాదు. దొడ్డికి మీరు మోస్తరా?" అని సుగుణ అరిచింది. హల్లెలూయల్లో ఆయనకు వినబడలేదు.

తెలంగాణ బందు వల్ల బస్సుల్లేవు, వెంటపడలేకపోయాను. సాయంత్రం నుంచి సుగుణ నా వీపు మీదే ఉంది. 'జై తెలంగాణ' అంటూ నన్ను వరండా అంతా తిప్పుతోంది. మీరైతే ఊరుకుంటారా? ఈ కాగితం చర్చి గోడకు అంటిస్తున్నాను. రేపు పొద్దున ఎనిమిదింటిలోగా కర్రలూ రావాలి, జవాబూ రావాలి.