తిరుపాల్ వేసిన తప్పు అతుకు

హిందూపురం మార్కెట్ వెనక సందులో నిలబడి "టీవీ గేమ్ తిరుపాల్ అంగడి యాడ?" అని అడగండి. దారి చూపించేవాళ్ళు చాలామందే ఉంటారు, నవ్వకుండా చూపించేవాళ్ళు మాత్రం దొరకరు. ఊరందరూ ఫోన్లలో ఆటలాడుకుంటుంటే, ఈ మనిషి ఎప్పటివో టీవీ గేములకు తగిలించే రిమోట్లూ, జాయ్‌స్టిక్కులూ ముందేసుకుని కూర్చుంటాడు మరి.

నవ్వేవాళ్ళ సంగతి అలా ఉంచితే, పని తెచ్చేవాళ్ళకు కొదవ లేదు. గోరంట్ల నుంచి బస్సు డ్రైవరు చేత పంపేవాళ్ళున్నారు. పాత టీవీ గేములంటే ప్రాణం పెట్టే బెంగళూరు వాళ్ళున్నారు. బటన్ నొక్కితే పలకడం లేదని తెస్తారు. తిరుపాల్ మూత విప్పుతాడు. లోపల పాతికేళ్ళ నాటి బిస్కెట్ పొడీ, చీమల కాపురం కనిపిస్తాయి. పళ్ళు తోముకునే బ్రష్షుతో దులిపి, బటన్ కింద రబ్బరుకు అరిగిపోయిన నల్లచుక్క మీద పెన్సిల్ ముల్లు రుద్దితే సగం జబ్బులు వదిలిపోతాయి. మిగతా సగం వైరులో ఉంటాయి. పిల్లలు ఆడుతూ లాగీ లాగీ, పైన తొడుగు బాగానే ఉన్నా లోపలి తీగ తెగిపోయి ఉంటుంది. తిరుపాల్ వైరును వేళ్ళ మధ్య అంగుళం అంగుళం వంచుకుంటూ పోతాడు. తీగ తెగనంతవరకూ మీటరు కుయ్‌మంటుంది, అది ఎక్కడ ఆగితే అక్కడ కోస్తాడు.

భార్య శోభారాణికి ఆ పాత సామాను చూస్తే ఒళ్ళు మంట. "ఇంగ కొననని ఒట్టేసినాడు" అని ఆమె పక్కింటి వాళ్ళకు చెప్పిన సాయంత్రమే ఇంకో మూటతో దిగుతాడు. "పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడంట నీలాంటోడే" అంటుందామె, మూట లోపలికి తీసుకుంటూనే.

అసలు తిరుపాల్ ధర్మవరం మనిషి. పెళ్ళయ్యాక అత్తగారి ఊరికి వచ్చి, ఒక టీవీ రిపేరు అంగట్లో పని నేర్చుకున్నాడు. అంతకుముందు వాళ్ళ ఇంట్లో అందరిదీ పోగులు అతికే పనే. మగ్గం మీద పడుగు, అంటే నిలువు పోగుల వరస, అయిపోవస్తే, దాని కొసలకు కొత్త పడుగును ఒక్కొక్క పోగే కలిపి, బూడిద అద్దిన వేళ్ళతో మెలిపెట్టాలి. అంచులో ఎరుపుకు ఎరుపే, పచ్చకు పచ్చే. రంగు తప్పితే చీర చెడుతుంది, అతికినవాడి పేరూ చెడుతుంది. ఆ లెక్క తిరుపాల్ తలలో కాదు, వేళ్ళలో ఉంది.

ఒకరోజు ధర్మవరం నుంచి యమున వచ్చింది. పుట్టవ్వ మనవరాలు. వయసులో ఉన్నప్పుడు తిరుపాల్ ఆ పుట్టవ్వ మగ్గానికి ఎన్ని పడుగులు అతికాడో! యమున సంచిలోంచి ఒక పాత జాయ్‌స్టిక్ తీసింది. చదరపు డబ్బా, మధ్యలో నిలువు కడ్డీ, ఎడమ మూలన ఎర్ర బటన్. వైరు పీకేసినట్టు వేలాడుతోంది.

"అవ్వ విసిరికొట్టిందన్నా" అంది.

"అవ్వకు జాయ్‌స్టిక్‌తో ఏం పనమ్మా?"

అప్పుడు చెప్పింది. మగ్గం మానేశాక పుట్టవ్వకు పొద్దుపోక, పిల్లల టీవీ గేమ్ మరిగింది. పైనుంచి బారులు తీరి పురుగులు దిగుతుంటాయి. కింద ఒక చిన్న బండి. దాన్ని కుడికీ ఎడమకూ జరుపుతూ కాల్చాలి. అవ్వ వాటికి నల్లులని పేరు పెట్టి, చంపిన ప్రతిదాన్నీ తిట్టి మరీ చంపేది. అంతలో ఆమెకు పక్షవాతం తగిలింది. కాలు తేరుకుంది, మాట తేరుకుంది. ఎడమ చెయ్యి మాత్రం ఒళ్ళో పడేసిన గుడ్డలా ఉండిపోయింది.

"పిసకమని డాక్టరు బంతి ఇస్తే గోడకేసి కొట్టింది. 'నేనేమన్నా పసిబిడ్డనా?' అంటాది. ఆటైనా ఆడితే వేళ్ళు కదుల్తాయని ఇది చేతికిచ్చినా. ఎడమ బొటనేలు బటన్ మీద నిలబడల్యా. కోపమొచ్చి దీన్నీ కొట్టింది. చెయ్యి ఇంగ రాదని చెప్పి మూలన కూచున్యాదన్నా. డాక్టరేమో, ఈ నెలల్లో కదిలిస్తేనే వస్తాది, ఆనక కష్టమన్నాడు."

తిరుపాల్‌కు పాత రోజులు గుర్తొచ్చాయి. నేసేటప్పుడు పుట్టవ్వ ఎడమ చేత్తో, పోగును బిగించే పలక కొడితే వీధి మొదట్లోకి వినబడేది.

"కూర్చో అమ్మా, ఇప్పుడే చేసిస్తా" అన్నాడు.

పాత వైరు పనికిరాదు. మూటలోంచి వేరే కంపెనీ జాయ్‌స్టిక్ వైరు ఒకటి తీసి పక్కన పెట్టాడు. ఈ రకంలో ఒక్కో దిక్కుకు ఒక్కో తీగ ఉంటుంది. ఒక్కో కంపెనీ రంగులు ఒక్కో రకంగా వాడుతుంది కాబట్టి, ఏ తీగ ఎక్కడికి పోతుందో మీటరుతో చూశాకే అతకాలి. ఈ సంగతి తిరుపాల్‌కు తెలియక కాదు. కానీ అవ్వ ఇంటి కబుర్లలో పడ్డాడు. ఎదురుగా ఎర్రవీ పచ్చవీ తీగలు పట్టుపోగుల్లా వరసగా పరిచి ఉన్నాయి. వేళ్ళు తమ పాత పని తాము చేసుకుపోయాయి. ఎరుపుకు ఎరుపు, పచ్చకు పచ్చ. అన్నీ అతికాక మీటరు పెడితే ప్రతి తీగా కుయ్‌మంది. ఆ గేమ్ పెట్టె ధర్మవరంలో ఉంది, ఆడి చూసే వీలు లేదు. యమున సంతోషంగా తీసుకుపోయింది.

నెల తిరిగిందో లేదో, చిలమత్తూరు నుంచి ఒకాయన జాయ్‌స్టిక్ తెచ్చాడు. ఆ రోజు వాడిన వైరు కంపెనీదే. మూత విప్పి చూడగానే తిరుపాల్‌కు తన తప్పు తెలిసిపోయింది. పుట్టవ్వ జాయ్‌స్టిక్‌లో కుడి దిక్కుకున్న రంగు ఇందులో ఎడమకుంది, ఎడమది కుడికుంది. అంటే పుట్టవ్వ కుడికి తోస్తే బండి ఎడమకు పోతుంది! అసలే చెయ్యి రాక కుమిలే మనిషికి ఆటను కూడా తలకిందులు చేసి పంపాడన్నమాట. అవ్వ దాన్నీ గోడకేసి కొట్టి, మళ్ళీ మూలన కూర్చుని ఉంటుందనుకున్నాడు. సిగ్గూ బాధా ఒక్కసారే ముంచుకొచ్చాయి.

ఫోన్ చేస్తే యమున ఎత్తలేదు. అంగడి శోభారాణికి అప్పజెప్పి రైలెక్కాడు. పెనుకొండ దాటుతుండగా యమున నుంచి ఫోనొచ్చింది. జరిగిందంతా ఒక్క ఊపిరిలో చెప్పేశాడు.

"ఓహో, అదా సంగతి! నువ్వు వచ్చి చూడన్నా" అని ఫోన్ పెట్టేసింది. అది కోపమో ఏమో తెలియక ధర్మవరం దాకా గోళ్ళు కొరుక్కున్నాడు.

గడపలో అడుగుపెట్టేసరికి లోపలి నుంచి తిట్లు వినిపిస్తున్నాయి. "దిగుతావే నల్లీ? దిగు, నీ వంశం లేకుండా చేస్తా!" పుట్టవ్వ టీవీ ముందు చాప మీద కూర్చుని ఉంది. జాయ్‌స్టిక్ ఆమె చేతుల్లో వెనక్కి తిరిగి ఉంది. అవతలివైపు ఉండాల్సిన అంచు ఆమె పొట్టకు ఆని ఉంది. అలా తిప్పేసరికి ఎర్ర బటన్ కుడి బొటనవేలి కిందికి వచ్చింది. కడ్డీ మీద ఉన్నది ఎడమ చెయ్యి.

"ఏమప్పా తిరుపాలూ, ఏం సామానిచ్చినావు?" అంది అవ్వ, కళ్ళు టీవీ మీంచి తిప్పకుండా. "ఈ పక్కకంటే ఆ పక్కకు పోతాది. నన్నే ఎక్కిరిస్తాదా అని మెడ పట్టి తిప్పినా. దారికొచ్చింది."

తాడిని తన్నేవాడుంటే వాడి తలను తన్నేవాడుంటాడంటారు. వైరు మొండికేస్తే అవ్వ అంతకన్నా మొండికేసింది. మొదట్లో ఎడమ అరచెయ్యి ఊరికే కడ్డీ మీద ఆనించి భుజంతో తోసేదట. నల్లులు వదిలిపెడితే కదా! రానురాను మణికట్టు తిరిగింది. ఆ వారమే వేళ్ళు కడ్డీని పట్టుకోవడం మొదలుపెట్టాయి. మనవరాలికి కూడా చెప్పకుండా, ఆమె పనికి పోయాక ఒక్కతే ఆడుకునేది. ఆ పొద్దున యమున కంటపడింది.

"తప్పంతా నాదే అవ్వా. రంగు చూసి అతికినా. ఇట్లియ్యి, సరిగ్గా చేసిస్తా" అంటూ తిరుపాల్ స్క్రూడ్రైవర్ తీశాడు.

"ముట్టుకుంటే చెయ్యి విరగ్గొడతా" అంది అవ్వ. "ఎప్పుడన్నా నువ్వు అతికిన పడుగు విప్పిచ్చినానా? ఇదీ అంతే. యమునా, తిరుపాలుకు మజ్జిగ తేపో."

యమున గ్లాసు తెచ్చి అవ్వ పక్కన పెట్టి, ఇంకో గ్లాసు కోసం వంటింట్లోకి వెళ్ళింది. పుట్టవ్వ ఆట ఆపింది. కుడి చెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఎడమ చెయ్యి చాచింది. వేళ్ళు గ్లాసు చుట్టూ ఒక్కొక్కటే మూసుకున్నాయి. గ్లాసు నేల మీంచి లేచింది. వణికింది, కాస్త మజ్జిగ చాప మీద ఒలికింది. అయినా అది తిరుపాల్ దాకా వచ్చింది.

ఆ ఇంట్లో ఎడమ చేత్తో బిచ్చగాడికైనా గింజ వెయ్యరు.

"ఎడమ చేత్తో ఇస్తాండానని ఏమనుకోవద్దప్పా" అంది పుట్టవ్వ, కళ్ళనిండా నీళ్ళతో నవ్వుతూ.

తిరుపాల్ స్క్రూడ్రైవర్ కింద పెట్టి, రెండు చేతులా అందుకున్నాడు.