హోసియా ప్రూయిట్ వినని పాట

“అదంతా సరే పెద్దాయనా, ఇంతకీ నువ్వేం వాయించేవాడివి?”

పాత విద్యార్థుల శనివారం నాడు స్టేడియం గేటు పక్కన బల్ల వేసుకుని, పాత బ్యాండు వాళ్ళ పేర్లు రాసుకుంటున్న వెర్నీటా బోల్డన్ అడిగిన మాట ఇది. ఆమె తప్పేం లేదు. ఆమె ముందున్న కాగితంలో మూడే గడులు: పేరు, ఏ ఏటి బ్యాచి, ఏ వాయిద్యం. మూడో గడి నిండకపోతే టోపీ ఇవ్వరు. టోపీ లేనివాణ్ణి బ్యాండు కూర్చునే మెట్ల మీదికి రానివ్వరు. డెబ్బై ఏళ్ళ హోసియా ప్రూయిట్ ఆ ఖాళీ గడి వంక చూసి, “1976లో నేనేమీ వాయించలేదమ్మా,” అన్నాడు.

నల్లవాళ్ళ కోసం పెట్టిన మా టిల్డెన్ కాలేజీ బ్యాండు గురించి ఏటా ఎవరో ఒకరు వేదికెక్కి ఊగిపోతుంటారు. మన జాతి గుండెచప్పుడు, మన తాతల చెమట, ఇంకా ఏవేవో. నాకా ఉపన్యాసాలు పడవు. చెమట నిజమే, అది తాతలది కాదు, ఆగస్టు నెలలో అలబామా ఎండలో తారు రోడ్డు మీద మోకాలు నడుము దాకా ఎత్తి నడిచే పద్దెనిమిదేళ్ళ పిల్లలది. ఐదు గజాలకి ఎనిమిది అడుగులు. తొమ్మిదో అడుగు పడితే మళ్ళీ మొదటినుంచి. హోసియా కూడా ఆ పిల్లల్లో ఒకడు. 1961లో రెండో ఏడు చదువుతూ ట్రంపెట్ వాయించేవాడు. ఒక రోజు సాధనలో ముందు వరస ట్రాంబోనువాడు కుడికి తిరగాల్సింది ఎడమకి తిరిగాడు. ముందుకీ వెనక్కీ జరిగే ట్రాంబోను గొట్టం అప్పుడు పూర్తిగా సాగి ఉంది. అది హోసియా నోటికి తగిలి ముందు పళ్ళు రెండు పోయాయి, పై పెదవి చీలింది. చీలిన పెదవితో ట్రంపెట్ పలకదు. ఆయన విషయంలో మళ్ళీ ఎన్నడూ పలకలేదు.

బ్యాండు మాస్టారు ఒరెస్టిస్ గ్యాడ్సన్ మాత్రం ఆయన్ని వదల్లేదు. “పళ్ళు పోయాయి గాని చెవులున్నాయి గదరా,” అని కాలేజీ అచ్చుగదిలో సైక్లోస్టైల్ యంత్రం దగ్గర ఉద్యోగం వేయించాడు. అసలు పని వేరే. సోమవారం పొద్దున రేడియోలో మోగుతున్న కొత్త పాట రికార్డు కొని తెచ్చి హోసియా చేతికిస్తారు. ఆయన మూడుసార్లు వింటాడు. మంగళవారానికల్లా దాన్ని ఇత్తడి కొమ్ములకీ క్లారినెట్లకీ పదకొండు వాటాలుగా విడగొట్టి, ఒక మూలప్రతి రాసి, వాటాలన్నీ ఊదారంగు సిరాతో యంత్రం మీద తీస్తాడు. శుక్రవారానికి బ్యాండంతటికీ కంఠతా వచ్చేస్తుంది. పాటకి ఇంత అని కాలేజీ ఇచ్చేది. డెబ్బైల్లో అది ముప్పై అయిదు డాలర్లు. పిల్లలు ఆయనకి పెట్టిన పేరు పెన్సిల్. మా దగ్గర బ్యాండులో పెట్టిన పేరు చచ్చేదాకా పోదు. హోసియా అంటే ఎవరో సగం మందికి తెలియదు.

శుక్రవారం సాయంత్రం ఇంకో పని ఉండేది. వాటాల కాగితాలన్నీ వెనక్కి తీసుకుని లెక్కపెట్టి, బ్యాండు హాలు వెనక నూనె పీపాలో వేసి తగలబెట్టేవాళ్ళు. ఒక్క కాగితం తగ్గినా ఎవరూ భోజనానికి వెళ్ళడానికి లేదు. దానికో కారణముంది. 1966లో క్లారినెట్ పిల్ల ఒకతె తన కాగితం బస్సులో మరిచిపోయింది. నెల తిరక్కుండా మా బద్ధశత్రువు బ్రాడ్‌నాక్స్ కాలేజీ వాళ్ళు అదే పాటని అదే కూర్పుతో, మా స్టేడియంలోనే, మాకంటే ముందు వాయించారు. మా వాళ్ళు నూటనలభై మంది కొమ్ములు పట్టుకుని నోరు తెరుచుకుని చూశారు. ఆనాటినుంచి పీపా, పాత కాగితాలకి కూడా. అన్నిటికన్నా చివర మూలప్రతి. దాన్ని హోసియాయే తన చేత్తో వేసేవాడు. నాలుగు వందలకి పైగా పాటలు అలా పోయాయి. జాగ్రత్త అనుకుంటూ మా చరిత్రని మేమే వారం వారం కాల్చుకున్నాం. ఇది కూడా వేదికెక్కినవాళ్ళు చెప్పరు.

బిల్లు పాసవ్వాలంటే అకౌంట్స్ ఆఫీసులో మూలప్రతి చూపించాలి. గుమాస్తా చూసి, బిల్లు మీద ముద్ర కొట్టి, ప్రతి తిరిగిచ్చేసేవాడు. 1976 అక్టోబరులో ఒక వారం ఆ వరస తప్పింది. ఆట బ్రాడ్‌నాక్స్ వాళ్ళ ఊళ్ళో. బస్సులు గురువారమే బయల్దేరాలి, కాబట్టి పీపా బుధవారమే అంటుకుంది. హోసియా ఇంకా ఆఫీసుకి వెళ్ళలేదు. ప్రతి లేదని బిల్లు తిప్పి పంపారు. దానికాయన పెద్దగా బాధపడలేదు. బాధ ఇంకోటి. నాలుగో బస్సుకి కాలేజీ డబ్బివ్వలేదు. ఉన్న మూడు బస్సుల్లో హోసియా కూర్చోవలసిన సీట్లో పెద్ద డ్రమ్ము కూర్చుంది. “అది వాయించాలి గదా పెన్సిల్, నువ్వు వాయించవు గదా,” అన్నాడు మాస్టారు. మాటలో ఎత్తిపొడుపు లేదు. నిజం అంతే.

మా అమెరికా ఫుట్‌బాల్ ఆటకి నాలుగు క్వార్టర్లు, అంటే నాలుగు భాగాలు. మాకు అసలైనది ఐదోది. ఆట ముగిశాక ఆటగాళ్ళు స్నానాలకి పోతారు, జనం మాత్రం కదలరు. రెండు బ్యాండులూ ఎదురెదురు మెట్ల మీద కూర్చుని ఒకరి తర్వాత ఒకరు వాయించుకుంటారు, ఎవరో ఒకరు తగ్గేదాకా. ఆ రోజు గంటన్నరసేపు హోరు నడిచాక, మా వాళ్ళు హోసియా ఆ వారం రాసిచ్చిన నిదానం పాట ఎత్తుకున్నారు. అది అయ్యేసరికి అవతల డ్రమ్ముల వాళ్ళు కర్రలు కింద పెట్టేశారు. బ్రాడ్‌నాక్స్ తిరిగి వాయించలేదు. లేచి మెట్లు దిగి వెళ్ళిపోయారు. అంతకుముందు గాని, ఆ తర్వాత గాని అలా జరగలేదు.

గెలిచిన పాటని మళ్ళీ వాయించడం మా దగ్గర లేదు. సోమవారం ఇంకో రికార్డు వచ్చింది. ఆ పాట లోకంలో ఒక్కసారి మోగింది, రాసినవాడు అక్కడ లేడు. ఆ తర్వాత ముప్పై అయిదేళ్ళపాటు సూపర్‌మార్కెట్లో, పోస్టాఫీసులో, చావు ఇళ్ళ దగ్గర, కనిపించిన ప్రతివాడూ ఆయన భుజం తట్టి చెప్పిన మాట ఒకటే: “ఆ రోజు నువ్వుండాల్సింది పెన్సిల్.” మొదట్లో ఆయన రెండు మూడేళ్ళు ఆ పాటని గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాడట. రాలేదు. రాసి ఇచ్చేసినవి నాలుగు వందలు. చెవిన పడితేనే తిరిగొస్తాయి.

ఆయన పెళ్ళి చేసుకోలేదు. ఉన్న ఒక్క అక్క క్లీవ్‌లండ్‌లో పోయింది. బట్టలుతికే యంత్రాల దుకాణం వెనక రెండు గదులు, ఒక రేడియో. శనివారం క్యాట్‌ఫిష్ చేప వేపుడూ, మొక్కజొన్న సంకటి లాంటి గ్రిట్సూ తినడానికి వెళితే నలుగురు పట్టే బల్ల ఆయనకొక్కడికే ఇచ్చేవాళ్ళు, ఎవరూ వచ్చి చేరరని తెలిసి. ఆదివారం చర్చిలో ఆఖరి వరసలో కూర్చునేవాడు. పాడేవాళ్ళలో మగగొంతులు పావు స్వరం తక్కువగా ఉంటాయని, దగ్గరుంటే పళ్ళు జివ్వుమంటాయని చెప్పేవాడు. ఏ పళ్ళు అని అడిగితే కట్టుడు పళ్ళే అనేవాడు.

2011లో, 1976 నాటి బ్యాండు వాళ్ళని అక్టోబరులో సన్మానిస్తామని కాలేజీ ప్రకటించింది. హోసియా జూన్‌లోనే ఒక నోటుపుస్తకం, టెలిఫోను ముందేసుకుని కూర్చున్నాడు. ఒక్కొక్కరికీ ఫోను చేసి, ఆ పాటలో నీ వాటా గొంతుతో అని వినిపించు అని అడిగాడు. యాభై రెండు మంది. హ్యూస్టన్‌లో లారీ నడిపే మూడో ట్రంపెట్ వాడు రోడ్డు పక్కన బండి ఆపి మరీ అన్నాడు. ఒక క్లారినెట్ ఆవిడ ఎంతో శ్రద్ధగా, చివరిదాకా, వేరే పాట అంది. అందరికీ ఒకటే నమ్మకం, అసలు బాణీ తనదేనని, మిగతావాళ్ళు తనకి తాళం వేశారని. సెప్టెంబరుకి పదకొండు వాటాల్లో పది వచ్చాయి.

రానిది రెండో బారిటోన్. ట్రాంబోనుకీ పెద్ద బాకాకీ మధ్య గొంతుండే కొమ్ము అది. దాన్ని వాయించినవాళ్ళు నలుగురు, ముగ్గురు పోయారు. నాలుగోవాడు లోంజో పికెట్, మోంట్‌గోమరీలో ఉన్నాడు. హోసియా అతనికి ఫోను చేశాడు.

“నిజం చెప్పమంటావా పెన్సిల్?”

“చెప్పు.”

“ఆ రోజు నేను వాయించలేదు. అంతకుముందు పాటలో పెదవి పగిలింది. కొమ్ము నోటికానించుకుని బుగ్గలు ఊదుతూ కూర్చున్నా. మా ఆవిడక్కూడా తెలీదీ మాట.”

“కాగితమైనా చూశావు గదా.”

“చూశా. పక్కవాడున్నాడు గదాని సరిగ్గా నేర్చుకోలేదు.”

ఆ వాటాని కొత్తగా రాసెయ్యొచ్చు గదా అని, అచ్చుగదిలో ఆయన దగ్గర పని నేర్చుకున్న నేనన్నాను. ఒక మధ్యాహ్నం పని. “రాయగలను. కొత్తది వినాలని కాదు గదా నాకు,” అన్నాడు. మళ్ళీ రాసిన మూలప్రతిలో తొమ్మిదో వరస ఖాళీగా వదిలి, మిగతావాటిని పాత బ్యాండు వాళ్ళకి పంపించాడు. ఐదో క్వార్టరులో వాయిస్తామని వాళ్ళు మాటిచ్చారు.

అలా ఆయన వెర్నీటా బల్ల దగ్గరికి వచ్చాడు. ఏమీ వాయించలేదన్నాక ఆమె మర్యాదగానే అవతలి టికెట్ గేటు చూపించింది. పాత బ్యాండు వాళ్ళు అప్పటికే టోపీలు పెట్టుకుని, ఒకరి పొట్టలు చూసి ఒకరు వెక్కిరించుకుంటూ ఫొటోలు దిగుతున్నారు. ఎవరూ ఇటు చూడలేదు. హోసియా టికెట్ కొనుక్కుని మా వైపు కాకుండా ఎదుటి వైపు, బ్రాడ్‌నాక్స్ వాళ్ళ మెట్ల మీదికి వెళ్ళి కూర్చున్నాడు. కోపం వచ్చి కాదు. మా కొమ్ముల మూతులన్నీ అటే తిరిగి ఉంటాయి. మా బ్యాండు సరిగ్గా వినపడేది శత్రువుకే.

పక్కన కూర్చున్నాయన పసుపు చొక్కా, ఒళ్ళో ఉడికించిన వేరుసెనగల పొట్లం. మా రంగు టై చూసి, “మీవాళ్ళు అటున్నారయ్యా. దారి తప్పావా?” అన్నాడు.

“వినడానికొచ్చా.”

ఆయన అర్థమైనట్టు తలూపి, పొట్లం ఇటు జరిపాడు. పేరు ఎజెల్ మెబేన్, డెబ్బై ఆరులో బ్రాడ్‌నాక్స్ డ్రమ్ములవాడు.

ఆట ఎవరు గెలిచారో నాకు గుర్తులేదు. ఐదో క్వార్టరులో మా పాతవాళ్ళు ఎనభై మంది లేచి నిలబడి ఆ పాట ఎత్తుకున్నారు. ఊపిరి చాలక రెండుచోట్ల తడబడ్డారు. హోసియా కళ్ళు మూసుకుని విన్నాడు. మూడు నిమిషాల్లో అయిపోయింది. బాగుంది, అంతే. దీనికా వాళ్ళు కర్రలు కింద పెట్టింది అనుకున్నాడట.

“పాట అదే,” అన్నాడు మెబేన్ వేరుసెనగ ఒలుస్తూ. “కాని ఇది కాదు.”

“ఏం తగ్గింది?”

“కిందెక్కడో ఒకటుండేది. అన్నీ పైకెక్కుతుంటే అదొక్కటీ దిగిపోయేది. అది విని నేను కర్రలు కింద పెట్టేశా. నన్ను చూసి మిగతావాళ్ళు పెట్టారు.”

“అని వినిపించు.”

మెబేన్ ఇటూ అటూ చూసి, గొంతు సవరించుకుని అన్నాడు. హోసియా జేబులోంచి పెన్సిల్ తీశాడు. ఇంకోసారి అనమన్నాడు, మళ్ళీ ఇంకోసారి. ప్రోగ్రాము కాగితం వెనక అయిదు గీతలు గీసి రాసుకున్నాడు. మెబేన్ వంగి చూశాడు.

“అది రాసినవాడెవడో తెలుసుకోవాలని మూడేళ్ళు తిరిగాం మేము.”

“నేనే.”

మెబేన్ నవ్వి పొట్లం మడిచాడు. “టిల్డెన్ వాడు ఎవడు కనపడినా ఇదే మాట చెప్తాడు. నువ్వు అయిదోవాడివి.”

హోసియా వాదించలేదు. పది వాటాలు మైదానం అవతల మోగాయి, పదకొండోది పక్కవాడి గొంతులోంచి వచ్చింది, రెండూ కలిసింది ఆయన తలలోనే. ఆ పాటని పూర్తిగా విన్నానని ఆయన నాతో ఎన్నడూ అనలేదు, వినలేదనీ అనలేదు. రెండో బారిటోన్ లేకుండా బాగోలేదు అన్నాడు, అంతే.

సోమవారం శుభ్రమైన ప్రతి రాసుకుని, పదకొండు వరసలూ నింపి, తిప్పి పంపిన 1976 నాటి బిల్లు దానికి గుచ్చి అకౌంట్స్ ఆఫీసుకి తీసుకెళ్ళాడు. కిటికీ అవతలి అమ్మాయి బిల్లు మీది తేదీ రెండుసార్లు చదివింది.

“ఇన్నేళ్ళు ఏం చేశారు తాతగారూ?”

“ప్రతి లేదని తిప్పేశారమ్మా. ఇప్పుడుంది.”

ఆమె అందినట్టు ముద్ర కొట్టింది. ఆయన అలవాటుగా ప్రతి కోసం చెయ్యి చాపాడు. ఇప్పుడు ఇవ్వరట, ఫైల్లో ఉండాలట. కాల్చకుండా మిగిలిన టిల్డెన్ పాట అదొక్కటే. బ్యాండు దాన్ని ఇంతవరకూ అడిగి తీసుకోలేదు.

మరుసటి ఫిబ్రవరిలో హోసియా పోయాడు. గదులు ఖాళీ చెయ్యడానికి చుట్టాలెవరూ లేకపోతే కాలేజీ నన్ను పంపింది. నోటుపుస్తకం నా దగ్గరుంది. ఆ పాటకి రావలసిన ముప్పై అయిదు డాలర్లు కాలేజీ ఇంకా ఇవ్వలేదు.