తిట్టేవాళ్ల గొంతు మీద బెంగ

పాటగాడికి ఒకటే జబ్బు. ఎదుటివాళ్లు ఏమన్నారో వినడు, ఏ గొంతుతో అన్నారో వింటాడు. పిల్లనివ్వమని అడగడానికి వెళ్లి, మామగారికి కఫం తగ్గే ఉపాయం చెప్పి వచ్చేశాడు. అసలు సంగతి అడగడానికి మళ్లీ వెళ్లాల్సివచ్చింది. ఆ రెండోసారి వెళ్లకపోతే తన బతుకు హాయిగా ఉండేదని భార్య ఇప్పటికీ అంటుంది.

అలాంటివాడు కచేరీలో పాటకీ పాటకీ మధ్య ఊరుకోక, "పేదవాళ్ల ఆస్పత్రి మూసేస్తారట. ఇదేం ప్రభుత్వమండీ?" అనేశాడు. ఇంకేముంది, కొంప మునిగింది. మర్నాటి నుంచి ఫోన్లే ఫోన్లు.

"పాడుకునేవాడివి పాడుకో! రాజకీయాలు నీకెందుకురా?"

"అంత అరవకు నాయనా. ఊపిరి పొట్టలోంచి తియ్యి."

అవతలివాడు బిత్తరపోయి ఫోను పెట్టేశాడు. భార్య నెత్తి కొట్టుకుంది. "తిట్టేవాడికి పాఠాలేమిటండీ?"

"గొంతు పాడైపోతుందే, పాపం!"

క్షమాపణ చెప్పకపోతే వచ్చే కచేరీ రద్దన్నాడు హాలు మేనేజరు. "చెప్పను. అన్న మాట అన్నదే" అన్నాడీయన. పాట లేకపోతే ఈ మనిషి ఏమైపోతాడోనని ఆవిడకి గుండెల్లో రాయి పడింది.

ఆ సాయంత్రమే గేటు ముందు జనం. టైర్ల కొట్టు ఆసామి ముందు నిలబడి బొంగురుగొంతుతో "పాటగాడు డౌన్ డౌన్!" అని అందరిచేతా అనిపిస్తున్నాడు. ఈయన వేడినీళ్ల ఫ్లాస్కు పట్టుకుని బయల్దేరాడు. ఆవిడ చొక్కా పట్టుకు లాగినా ఆగలేదు.

"ఈ బొంగురు ఎప్పట్నుంచి?"

"అరిచి అరిచి పోయింది. నీకెందుకయ్యా?"

"అరిస్తే వచ్చే బొంగురు కాదిది. నిజం చెప్పు."

ఆసామి తగ్గాడు. "చాన్నాళ్లయింది. మింగుతుంటే నొప్పి."

"అయితే పద ఆస్పత్రికి."

"ఏ ఆస్పత్రికి?"

"మూసేస్తామంటున్నారే, దానికే."

సమయానికి తెచ్చారన్నారు డాక్టర్లు. గొంతులో గడ్డ తీసేసి, కొన్నాళ్లు మాట్లాడొద్దన్నారు. మేనేజరు భయమంతా ఆసామి చేసే గొడవ గురించే. ఆ ఆసామే వచ్చి ముందు వరసలో టికెట్టు కొనేసరికి రద్దు మాట మళ్లీ ఎత్తలేదు.

కచేరీ సగమయ్యాక పాటగాడు మళ్లీ "ఆ ఆస్పత్రి సంగతి..." అని మొదలెట్టాడు. భార్య కళ్లు మూసుకుంది. వెనక వరసల్లోంచి "డౌన్ డౌన్!" అని కేకలు లేచాయి. ఆసామి గిర్రున తిరిగి, తన మనుషులకేసి గుడ్లురిమి, మూతి మీద వేలు పెట్టాడు. హాలంతా గప్‌చిప్.

"అరవనియ్యండి, వాళ్ల ఇష్టం" అన్నాడు పాటగాడు మైకులో. "కానీ బాబులూ, పొట్టలోంచి!"

అందరికంటే ముందు పకపకా నవ్వింది ఆయన భార్యే.