డోలక్కు ఆగాల్సిన గుమ్మం

"ఊరంతా ఎలిగిపోతంది. మనిల్లొక్కటే సీకటికొట్టులాగుంది," అన్నాను నాను.

"ఇంకా నవంబరే కదే. సర్లే, నక్షత్రం తెత్తాను. నీ నోరు మూయించడానికైనా తెత్తాను," అన్నాడు మాయన.

మా ఇద్దరి మజ్జినా అవే ఆకరి మాటలు. ఆయన సొక్కా గుండీలు పెట్టుకుంటా అన్నాడు. నాను గిన్నెలు తోముకుంటా అన్నాను. తలెత్తి ఆయన మొకమైనా సూడ్నేదు.

ఇది రాత్తంది మా తమ్ముడి కూతురు. నాకు సంతకం వరకే వొచ్చు. "అత్తా, మెల్లగా సెప్పు, నన్ను తిడతన్నట్టుంది," అంటంది. నా గొంతే అంత, గుంటా. ఇరవయ్యేళ్లు సేపలమ్మిన గొంతు. నువ్వు రాసుకో.

మాయన పోర్టులో కలాసీ. క్రిస్మసుకి గుమ్మానికి కట్టే నక్షత్రం సంగతిలో ఆయనకో పట్టు ఉండేది. కొన్నది కట్టడు. డిసెంబరు ఒకటో తారీకు సందేళ అయ్యేదాకా కట్టడు. వెదురుబద్దలు సీల్చి, తెల్లకాయితం అంటించి, లోపల బల్బు పెట్టేవోడు. మైదాపిండి ఉడకేసి జిగురు సెయ్యడం నా పని. మా పేటలో గాలికి బొగ్గుపొడి వొత్తాది కదా, కొత్త సమ్మచ్చరం నాటికి ఆ తెల్లకాయితం నల్లగా అయిపోయేది. "సూడే, అచ్చం నాలాగే అయిపోనాది," అని నవ్వేవోడు.

మోకాళ్లు పట్టేసేక సేపలు మానేసి, సీతమ్మధారలో ఓ పెద్ద బట్టలకొట్టులో ఊడుపుపనికి కుదిరేను. అక్కడ దీపావళి ప్రమిదలు పొద్దున్న తీసేరు, మజ్జానానికి అదే సోట క్రిస్మసు సెట్టు నిలబెట్టీసేరు. ప్లాస్టిక్కు సెట్టు. కింద రిబ్బన్లు సుట్టిన పెట్టెలు. దుమ్ము దులుపుదామని ఒకటెత్తితే సేతికి బరువే తగల్నేదు. అన్నీ కాళీయే. పైన దూదితో మంచు. మన ఊరికి మంచేటి? ఆ దూది రాలతా ఉంటే రోజుకి నాలుగుపాల్లు ఊడిసేదాన్ని. పొద్దున్నించి సందేళ దాకా ఒకటే పాట. నా పెబువు పుట్టిన పండగే అది, అయినా ఆ పాట మొదలైతే సీపురట్టుకుని మెట్లకాడికి పోయేదాన్ని. పండగ ఇంకా నెల్నాళ్లుంది, నాకప్పుడే ఇసుగెత్తిపోయింది.

ఇసుగెత్తిందంటన్నానా, మరి ఆ ఎలుగే నా కళ్లకి పట్టుకుని ఇంటికొచ్చింది. నవంబర్లో మా గుమ్మం ఏ ఏడైనా సీకటే. ఆ నాడే నాకు అది తక్కువగా కనపడింది. అందుకే ఆయన్నలాగ అన్నాను.

ఆయన డ్యూటీ దిగి, కొట్టుకెల్లి, కొన్నాడు. ఎప్పుడూ కొననోడు కొన్నాడు. బస్టాపులో కూకున్నోడు కూకున్నట్టే పక్కకి ఒరిగిపోయాడంట. గుండె. ఆస్పత్రిలో ఆయన సెప్పులు, ప్లాస్టిక్కు కవర్లో మడత నక్షత్రం నా సేతికిచ్చేరు. ఆ కవరు నాను ఇప్పనేదు. దుప్పట్ల కింద ఉంది.

పదిరోజులకే పన్లోకెల్లేను. "సీజనమ్మా, మనిషి దొరకట్లేదు," అన్నాడు సూపర్‌వైజరు. పన్లో అందరికీ క్రిస్మసు తాత పెట్టుకునే ఎర్రటోపీలు పంచేరు. నాకూ ఒకటిచ్చేరు. "పండగ దాకానే కదా, పెట్టుకో," అన్నాడు. పెట్టుకున్నాను. తీసీడానికి ఓపిక ఉంటే కదా.

ఇక్కడ మా పేట పద్ధతొకటి రాయాలి, గుంటా. సావైన ఇంటికి ఆ ఏడు నక్షత్రం కట్టరు. సర్చీ కేరల్సు వోళ్లు క్రిస్మసు పాటలు పాడుకుంటా ఇంటింటికీ వొచ్చి, నక్షత్రం నేని గుమ్మం కాడ డోలక్కు ఆపీసి, మాటాడకుండా నిలబడతారు. పాస్టరమ్మగారొక్కర్తీ లోపలికొచ్చి, పక్కన కూకుని, పోయినోడి పేరు సెప్పి పార్దన సేత్తాది. దుక్కమున్నా పరవానేదు, పాడండి అనుకునేవోళ్లు నక్షత్రం కట్టుకుంటారు. ఎవరిష్టం ఆళ్లది. ఆయన్ని నానే తోలేను కదా బజారుకి. ఆయన కోసం ఆ డోలక్కు ఒక్కపాలి నా గుమ్మం కాడ ఆగాలి. ఈ ఏడు నాను ఇంకేటీ అడగనేదు.

కేరల్సు రోజు పనినించి వొచ్చి సూత్తే, ఈది మొత్తం నక్షత్రాలు. నా గుమ్మానికీ ఒకటి! ఎర్రా, పచ్చా, ఆరతా ఎలగతా. దానికింద సెల్‌ఫోన్ల కొట్టు పేరు.

పక్కింటావిడ గోదారి మనిషి. ఆళ్లాయన స్టీలుప్లాంటు. ఆవిడ బయటికొచ్చి, "మన వీధి మలుపులో కొత్త కొట్టు తెరిచారు కదండీ పిన్నిగారూ, అందరికీ ఊరికే కట్టి వెళ్లారు. మేం పూజలు చేసుకునేవాళ్లమన్నా వినలేదండీ. వాళ్ల ప్రకటన ఫొటోకి వీధంతా ఒకేలా ఉండాలంట," అంది.

"తియ్యాలమ్మా, బేగి తియ్యాలి," అన్నాను.

అది ప్లాస్టిక్కు తాడు. సేత్తో లాగేను, పళ్లతో కొరికేను. తెగనేదు. "ఉండండి, కత్తెర తెస్తాను," అని ఆవిడ లోపలికెల్లింది. అంతలో డోలక్కు మా ఈది మలుపు తిరిగింది.

నా గుమ్మం ముందుకొచ్చి, నక్షత్రం సూసి, నన్ను సూసి, ఇంకా గట్టిగా వాయించేరు. ఒక పాటకి రెండు పాడేరు. పాస్టరమ్మగారి కళ్లంట నీళ్లు. "ఇంత దుఃఖంలోనూ నక్షత్రం కట్టుకున్నావు, ధైర్యంగా ఉన్నావమ్మా. దేవునికి స్తోత్రం," అని నా సెయ్యి నొక్కింది. లోపలికి రానేదు. ఆయన పేరు సెప్పనేదు. ఆళ్ల తప్పేటి? ఉన్నదే సూసేరు. రేవు ఇవతల్నించి అవతలకి ఇనపడే గొంతు నాది, ఆ రోజు ఒక్క మాట పైకి రానేదు. డోలక్కు పక్కింటికెల్లిపోయింది.

పక్కింటావిడ కత్తెరతో వొచ్చి, నన్ను సూసి, "అయ్యో, ఆ టోపీ ఏంటి పిన్నిగారూ," అంది. అప్పుడు తడుముకున్నాను. ఎర్రటోపీ నెత్తిమీదే ఉంది. బస్సులోనూ అలాగే వొచ్చేను.

నక్షత్రం ఆవిడే కోసీసింది. ఇప్పుడు గుమ్మం సీకటి. ఈది మొత్తానికి అదొక్కటే. ఎవరు సూడాలి? కేరల్సు అయిపోయేయి.

అందుకే నిన్ను కూకోబెట్టేను, గుంటా. ఆదివారం సర్చీ ఆరాదనలో, అందరూ లేచి సాచ్చెం సెప్పుకునేకాడ ఇది సదవాలి. నానెల్లి నిలబడితే మల్లీ గొంతు రాదు. నువ్వే సదువు. ఆళ్లకి డోలక్కు వొద్దు, పాటొద్దు, ఒకపాలి వొచ్చి నా గుమ్మం కాడ ఊరకే నిలబడమను. పండగెల్లిపోయేక వొచ్చినా సరే.

రాసేవా? ఏదీ, ఇప్పుడు నాకు సదివి ఇనిపించు. మొదట్నించి. ఆయన మాట కాడ కాసేపు ఆగు.