విప్పినవారే బిగించాలి

దేవరత్నం మాస్టారు ఇక లేరన్న పిడుగులాంటి వార్త గత బుధవారం, తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు బోర్డు మీద కప్పీ బొమ్మ గీస్తూండగా నా చెవిన పడింది. సుద్దముక్క చేతిలోనే ఉండిపోయింది. "గుండెపోటటండి. తెల్లారి రంపానికి పదును పెట్టుకుంటూ అలాగే ఒరిగిపోయేరట" అన్నాడు అటెండరు. ముందురోజు సాయంత్రమే నాతో తగువాడి వెళ్ళిన మనిషి! ఆ తగువులో నా వంతు సమాధానం నా దగ్గరే మిగిలిపోయింది.

మా బాలికల ఉన్నత పాఠశాలలో ఆయన మూడు దశాబ్దాల పాటు క్రాఫ్టు మాస్టారు. రిటైరయ్యేక కూడా జీతం లేకుండా అదే సైకిలు మీద, అదే షెడ్డుకి వచ్చేవారు. హస్తకౌశలం లేని విద్య అర్ధవిద్యేనని నమ్మిన ఆ కర్మయోగిని నేను తొలినాటి నుంచీ పూజించేనని రాస్తే ఆయన ఆత్మే నవ్విపోతుంది. ఆయన పీరియడ్లు గుంజుకున్నదాన్ని నేనే. తొంభైల మొదట్లో ఫిజిక్సు టీచరుగా చేరిన ఏడాది, "పబ్లిక్ పరీక్షలో రంపానికి మార్కులుంటాయటండీ?" అని స్టాఫురూములో అందరిముందూ అడిగేను.

"ఆయ్, ఉండవండి టీచరుగారూ. మీ కప్పీకి ఉంటాయి కదా, ఓసారి దాన్ని మా షెడ్డుకి తీసుకురండి" అన్నారు.

వెళ్ళేను. రెండు కప్పీలు, పీచుతాడు, కొబ్బరికాయల బస్తా చూపించి, బరువు సగమయ్యేలా ఎత్తమన్నారు. ఎమ్మెస్సీ దాకా గీసిన బొమ్మే! దర్జాగా రెండు కప్పీలూ దూలానికే కట్టేను. బస్తా కదిలితే ఒట్టు. ఎనిమిదో తరగతి పిల్లొకతె, "ఒకటి బస్తాకి కట్టాలండి, టీచర్" అంది. మిగతావాళ్ళు నోటికి చేతులడ్డం పెట్టుకున్నారు. సాయం చెయ్యబోయిన ఆ పిల్లని మాస్టారు ఆపేరు. "రెండో చెయ్యి పడకూడదమ్మా. విప్పుకుని ఆవిడే కట్టుకుంటారు."

ఆ షెడ్డు ధర్మశాస్త్రమంతా అదే. పిల్లలు ఇంట్లో పాడైన కిరసనాయిలు స్టవ్వో, తాళంకప్పో తేవాలి. విప్పిన ముక్కల్ని విప్పిన వరసలో తువ్వాలు మీద పేర్చాలి. ఎంత ఏడ్చినా సరే, విప్పినవారే బిగించాలి.

తొంభై ఆరు తుపాను తరవాత కరెంటు లేదు, కుళాయిల్లో చుక్క లేదు, ఉన్న ఒక్క బోరింగూ మూలపడింది. మాస్టారు నట్లు విప్పే పానాలిచ్చి తొమ్మిదో తరగతి పిల్లల్ని దాని మీదికి పంపేరు. ఓ తల్లి అడ్డం పడింది: "మా పిల్లని చదువుకి పంపేమండీ, కూలిపనికి కాదు!"

"మా అమ్మా నాన్నా కూలికెళ్ళినవాళ్ళేనమ్మా. ఆ చేతులకి లోకం చదువివ్వలేదు. ఈ చదువుకి మనం చేతులివ్వకపోతే అదీ అంత పాపమే" అన్నారాయన. పాత తోలుసంచీ కత్తిరించి పిల్లలే వాషరు వేసేరు. సాయంత్రానికి నీళ్ళు పడ్డాయి. మొదటి బిందె ఆ తల్లిదే!

ఇక మా ఆఖరి తగువు. "ఊరూరా కోచింగులొచ్చేయి. ఇంకా మీ షెడ్డుకెవరొస్తారు మాస్టారూ, ఊరుకోండి" అన్నాను. సైకిలెక్కబోతూ ఆగి, "ముందుముందు పిల్లలకి కొనడం, పాడైతే పారెయ్యడం తప్ప మరోటి తెలీదు టీచరుగారూ. బాగుచెయ్యడం తెలిసినవాడే అప్పుడు స్వతంత్రుడు. ఆ స్వతంత్రం ఏ పీరియడ్లో చెప్తారు మీరు?" అన్నారు.

సంతాపసభలో హెడ్మాస్టరుగారు "తీరని లోటు" అన్నారు. రెండు నిమిషాల మౌనం ముగిసీ ముగియకుండానే ఆ లోటు తీర్చే ఉపాయమూ చెప్పేరు. షెడ్డులో ఎంట్రన్సు కోచింగట! మధ్యాహ్నానికల్లా నాలుగు స్క్రూలూ విప్పించి 'క్రాఫ్టు' బోర్డు దింపించేరు. ఆ స్క్రూలేరుకుని ఆయన గదికి వెళ్ళేను.

"బోర్డు దింపమన్నది మీరేనాండీ?"

"ఆయ్. పిల్లల భవిష్యత్తు చూడాలి కదమ్మా."

"ఆ షెడ్డులో చూసినంత భవిష్యత్తు నేనెక్కడా చూడలేదండీ. అక్కడో నియమముంది. విప్పినవారే బిగించాలి. విప్పించినవారికీ అదే."

ఆయన బల్ల మీద తువ్వాలు పరిచి నాలుగు స్క్రూలూ వరసగా పేర్చేను, పక్కన స్క్రూడ్రైవరు పెట్టేను. ఇది రాస్తున్న పూటకి ఆయన ముట్టలేదు. నేనూ తియ్యలేదు. ఆయన ట్రాన్స్‌ఫరంటారేమో, అననివ్వండి. షెడ్డు తాళంచెవి నా కొంగున ఉంది.

మాస్టారూ, మీ ప్రశ్నకి నా సమాధానం: సోమవారం, మూడో పీరియడ్లో. ఇకనుంచి నా ఫిజిక్సు మీ షెడ్డులోనే. మీవంటివారు మళ్ళీ పుట్టరు, ఆ మాటకి నేనూ ఎదురు చెప్పను. కానీ జీవితంలో మొదటిసారి మీ నియమం మీరే తప్పేరు. మీ ఇంటావిడ నా చేతికిచ్చిన రంపానికి సగం పళ్ళకే పదునుంది. మిగతా సగం మా పిల్లలు పెడతారు. ఈ ఒక్కసారికి రెండో చెయ్యి పడనివ్వండి.