యూరియా సంచిలో కాలు

మోక అనే ఊరి దగ్గర కాలవ కింద వరి పండించే వెంకట్రావుకు మాట వినని మోటారునైనా, ఎద్దునైనా కొట్టడమే తెలుసు. బురదలో నాని కాలివేళ్ల సందులు పుండ్లయితే, క్రిములకూ ఫంగస్‌కూ కలిపి పనిచేసే ఆయింట్‌మెంటు ఇచ్చాడు మెడికల్ షాపు టైటస్.

వారం తిరక్కుండానే వెంకట్రావు కుంటుకుంటూ వచ్చి, టైటస్ చెంప పగలగొట్టి గొంతు పట్టుకున్నాడు.

"నీ మందు నా కాలు కాల్చేసిందిరా!"

నెత్తురోడే పెదవితో టైటస్ కిందికి చూశాడు. మడిలో దిగినా మందు కొట్టుకుపోకూడదని, వెంకట్రావు కాలికి యూరియా సంచి లోపలి ప్లాస్టిక్ కవరు చుట్టి పురికొసతో బిగించుకున్నాడు.

"కడిగి, ఆరబెట్టి, పల్చగా పూసి గాలికి ఇడ్సమంటి గదప్పా! మండితే ఆపమంటి. నువ్వు ఊపిరాడకుండా కట్టినావు," అన్నాడు టైటస్ పూడుకుపోతున్న గొంతుతో. "ముందు నా గొంతు ఇడ్సు. కత్తెర తెచ్చి నీ కాలు ఇడిపిస్తా."